ఆది జాకెట్టు నమ్మి

దర్జీ దగ్గర నాకూ, మా చిన్న తోడికోడలు సుజాతకూ ఒకటే ఆది జాకెట్టు ఉండేది. డాక్టరు రాసిన ఇంజెక్షన్లతో ఈ ఏడాది తను సన్నబడి, వేరే కొలత ఇచ్చింది. నాకు కడుపు మండిపోయింది. నిన్నమొన్నటిదాకా జాకెట్టు ఒకటే కదా, మందూ అంతే సరిపోతుందనుకుని, ఫ్రిజ్‌లో ఉన్న తన ఇంజెక్షన్ దొంగచాటుగా వేసుకున్నాను.

మర్నాడు మండపేటలో మా ఆడపడుచు గృహప్రవేశం. పీటల పక్కనే వాంతులు చేసుకుని, కళ్లు తిరిగి పడిపోయాను.

ఆసుపత్రిలో నిజం చెప్పగానే సుజాత ఏడ్చేసింది. "నాకు చిన్న డోసుతో మొదలెట్టి నెలనెలా పెంచారక్కా! నువ్వు ఒకేసారి అంత వేసేసుకున్నావేంటి?"

ఎవరి మందు వాళ్లకేనని బుద్ధొచ్చింది. కానీ నా నోరు తుడుస్తున్న తన చేతి గాజులు మోచేతిదాకా జారుతుంటే, సెలైన్ ఎక్కుతున్నా కుళ్లుకున్నాను.