కడిగిన చామంతులు

దుమ్ము లేదని టైపు చేసిన మనిషి, ఆ మాట పూర్తయ్యీ కాకముందే జేబురుమాలు తీసి తన కీబోర్డు మీద పడిన దుమ్ము తుడుచుకున్నాడు. ఎర్రటి దుమ్ము. తెల్లటి రుమాలు అంచు గోరింటాకు నలిపినట్టు అయింది. నేను ఆయన మోకాలి పక్కనే గట్టు మీద కూచుని చూశాను. అప్పటికి నేను ఏడో తరగతి. తర్వాత పత్రికల్లో చేరి, చాలామంది చాలా రకాలుగా అబద్ధాలు రాయడం చూశాను గానీ, అంత తీరుబడిగా, వేళ్ళ కింద నిజం గరగరలాడుతుండగా రాసిన అబద్ధం మరొకటి నా కంట పడలేదు.

అలాంటి కీబోర్డే ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. మడత విప్పితే పలకలా పరుచుకుంటుంది, వైరు లేకుండా ఫోనుకు కలుస్తుంది. ఊళ్ళు తిరిగి వార్తలు రాసేవాళ్ళకు ఇంతకంటే సులువైన సాధనం లేదు; టీ కొట్టు బల్ల మీదో, బస్సు సీటులోనో ఫోనును నీళ్ళసీసాకు ఆనించి రాసుకుంటూ పోవచ్చు. మొన్న యశ్వంతనగర్ దారిలో, మా అత్తవాళ్ళ ఊరి మలుపుకు ఇవతల కూచుని నాలుగు ముక్కలు రాసేసరికి మీటల సందుల్లో ఎరుపు చేరింది. ఊదబోయి ఆగాను. ఆ వాసన వచ్చింది. తుప్పుపట్టిన గొళ్ళేన్ని తడిచేత్తో పట్టుకుంటే అరచేతికి అంటే వాసన అది. నా చిన్నప్పటి దసరా సెలవులకు చివర్లో మిగిలిన వాసన కూడా అదే.

మొదట్లో అలా ఉండేది కాదు. మాది సిరిగేరి. కాలవనీళ్ళు, వరిమళ్ళు, కాళ్ళకంటుకుంటే ఒక పట్టాన వదలని నల్లబురద మాకు తెలిసిన లోకం. దసరా సెలవులివ్వగానే నాయన నన్ను బస్సెక్కించి, సండూరు కొండల దిక్కున ఉన్న సుంకమ్మత్త ఇంటికి పంపించేవాడు. సుంకమ్మత్త నాయనకు అక్క. దారిలో బళ్ళారి బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినడం, ఆ కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ కిటికీలోంచి కొండలు దగ్గరవడం చూడటం, అక్కడ దిగగానే అత్త కూతురు రత్న వదిన నా సంచీ లాక్కుని ముందు పరిగెత్తడం, ఇంట్లో జొన్నరొట్టె మీద గురెళ్ళ పొడి వేసి దాని మీద గడ్డపెరుగు పెట్టి అత్త చేతికివ్వడం, వీటిలో ఏది తప్పినా సెలవులు మొదలైనట్టు అనిపించేది కాదు.

అత్తకు రోడ్డు వారగా చామంతి తోట ఉండేది. అక్కడ సేవంతి అంటారు. ఎక్కువ తెల్లవి, ఒక వారగా పసుపువి. వర్షాలు వెనకబట్టి, పొద్దున పూట చలి తగలడం మొదలయ్యేటప్పటికి తోటంతా ఒకేసారి విచ్చుకునేది. మంచు ఆరకముందే కోయాలి, కోసినవి తడిగుడ్డ మీద పోయాలి, అరటినారతో మూరలు కట్టాలి. పూలు కట్టేటప్పుడు అత్త చెప్పులు వేసుకునేది కాదు, మమ్మల్ని వేసుకోనిచ్చేది కాదు. "దేవుడి తలమీదికి పొయ్యేటివి, వాసన కూడా చూడగూడదు మనం" అనేది. మేము చూసేవాళ్ళం. అత్త అటు తిరగ్గానే తట్టలో మొహం పెట్టేసేవాళ్ళం. ఆ చేదు కలిసిన చల్లటి వాసన ముక్కులోనే ఉండేది, మధ్యాహ్నం ఓళిగలు తినేటప్పుడు కూడా.

ఆ పూలన్నీ ఆయుధపూజకు పోయేవి. ట్రాక్టర్లకు, మోటార్లకు, పిండిగిర్నీలకు, కుట్టుమిషన్లకు, అందరికంటే ఎక్కువగా లారీలకు. లారీవాళ్ళు ముందురోజే తోట దగ్గర బండ్లు ఆపి, ఇంజను మొహానికి ఎన్ని మూరలు పడతాయో చేత్తో కొలిచి చూపించి, అత్తతో పరాచికాలాడి పోయేవాళ్ళు.

తర్వాత ఇనుప గనుల జోరు వచ్చింది. మాకు మొదట సంబరంగానే ఉండింది, ఎందుకుండదు? కొండల మీద హెలికాప్టరు తిరిగితే పలకలు పారేసి వీధిలోకి ఉరికేవాళ్ళం. లారీల్లోంచి జారిపడ్డ నల్లటి, బరువైన, మెరిసే రాళ్ళు ఏరి గచ్చకాయలాట ఆడేవాళ్ళం. అవి చేతి వెనకభాగం మీద పడితే నొప్పి, అయినా మామూలు రాళ్ళతో ఆడటం నామోషీ. రోడ్డు మీద లారీ వెనక లారీ, పైన కప్పే పట్టా లేదు, గుంతల్లో పడి లేచిన ప్రతిసారీ గుప్పున ఎర్రటి మబ్బు. ఆ మబ్బు వాలేది తోట మీద. ఒక ఏడు పూల రేకుల చివర్లు ఎర్రబారాయి. తర్వాతి ఏడు పూలే ఎర్రబారాయి.

"ఏందక్కా, తెల్ల సేవంతి పెడితివి, కుంకుమ సేవంతి కోస్తాండావు?" అన్నాడు ఒక డ్రైవరు, కిటికీలోంచి తల బయటపెట్టి.

"మీరు చల్లిన కుంకుమేలే తమ్ముడూ. మీ బండికే కట్టిస్తా, దాంది దానికే ముట్టనీ" అంది అత్త.

నవ్వాడు గానీ పూలు తీసుకోలేదు. ఆ తొలికోత ఎవరూ తీసుకోలేదు. తన చక్రాల కింది దుమ్ము పడిన పువ్వు తన బండి మొహానికి పనికిరాదనడంలో ఆ డ్రైవరుకు తప్పేమీ కనిపించకపోవడం, నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఏడు రోడ్డువారి రైతులందరూ ఒక పొద్దు రోడ్డుకు అడ్డంగా కూచున్నారు. మామ తిమ్మప్ప కూడా కూచున్నాడు; నోట్లోంచి మాట రాని మనిషి, అక్కడికి పోయి కూచున్నాడంటేనే ఊరు ఆశ్చర్యపోయింది. లారీలు ఆగితే పైవాళ్ళకు కదలిక వస్తుంది. ఖనిజం తోలే కంపెనీవాళ్ళు మాటిచ్చారు: మనిషిని పంపిస్తాం, ఎవరి చేల మీద దుమ్ము పడుతున్నదో చూసి రాసుకుంటాడు, అంతమేరా రోడ్డు మీద ట్యాంకరుతో రోజూ నీళ్ళు చల్లిస్తాం. అత్తకు కావలసింది అంతే. అప్పటికి దసరా ఇంకా వారం పైనే ఉంది, తోటలో సగానికి పైగా మొగ్గ మీద ఉంది. రోడ్డు తడిగా ఉంటే ఆ మొగ్గలు తెల్లగా విచ్చుకుంటాయి. తెల్లగా విచ్చుకుంటే ఆ ఏడు తోట నిలబడుతుంది.

ఆ మనిషి వస్తాడన్న రోజు తెల్లవారకముందే అత్త మమ్మల్ని లేపింది. వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గేసింది. ఆ తర్వాత బిందెలు, చెంబులు, వేపమండలు తీసుకుని తోటలోకి నడిపించింది. మొక్క మొక్కకీ నీళ్ళు చిలకరించి ఆకులు కడిగాం, పువ్వు కింద చెయ్యి పెట్టి రేకులు విడిపించి కడిగాం. కాళ్ళ కింద నీళ్ళు ఎర్రగా పారాయి. మామ ఒక్కసారి గొణిగాడు, "కడిగితే ఏం చూపిస్తావే?" అని.

"పూలు చూపిస్తా" అంది అత్త. "ఎద్దును జాతరకు తోలుకపోయేటప్పుడు పేడతో తోలుకపోతావా? మంచి సరుకని చూస్తేనే గదా కాపాడబుద్ధి అయ్యేది. గలీజుగా ఉంటే పీకి పారెయ్యమంటాడు."

మామ బిందె భుజానికెత్తుకున్నాడు. ఇంటికి ఎవరొస్తున్నా ముందు వాకిలి కడిగే జనం అది. తమ చేలో ఉన్న మురికిని పరాయి మనిషి ముందు అట్లాగే పరిచిపెట్టడం వాళ్ళకు చేతకాదు. ఆ చేతకానితనాన్ని చూసి నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఎండెక్కాక ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మాటతీరు. గట్టు మీద బోర్లించిన పూలబుట్ట మీద అరచేతిలో పట్టే, తెరున్న చిన్న యంత్రమొకటి నిలబెట్టాడు; అది ఫోను కాదు. సంచీలోంచి నల్లటి డబ్బీ తీసి ఒకటి, రెండు, మూడు మడతలు విప్పితే అది టైపు మీటల పలక అయింది. మేము నోళ్ళు తెరిచాం. ఆయనకు ఆ తెరిచిన నోళ్ళు బాగా నచ్చాయి.

"తీగ యాడుండాది సార్?" అంది రత్న వదిన.

"తీగ లేదు పాపా. అక్షరాలు గాల్లోనే పోతాయి."

"గాల్లో అచ్చరాలు పోతాయంట" అంది అత్త నాతో, ఆయనకు వినపడేలా. "లారీ దుమ్ము మాత్రం పోదు గాబోలు."

ఆయన నవ్వి, తోట వైపు చూసి, కన్నడంలోకి మారాడు. "ఎల్లిదేమ్మా ధూళు?" దుమ్మెక్కడుందమ్మా అని.

"తెల్లార్తోనే కడిగినాం సార్, పిల్లోళ్ళు, మేము. నిన్న వచ్చింటే తెలిసేది మీకు."

"నిన్న నేను రాలేదు కదమ్మా. ఈరోజు చూసింది ఈరోజు రాస్తాను."

రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఆయన వేళ్ళు పలక మీద టకటకలాడాయి. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేదాన్ని. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటే నా పెదాలు కదలడం అత్త చూసింది.

"ఏం రాస్తాండాడు పాపా?"

"నో డస్ట్ అని రాసినాడత్తా. దుమ్ము లేదని."

అప్పుడే ఆయన రుమాలు తీశాడు. తుడుచుకుని ముగించేలోపే అత్త వంగి, పలక కింది వరసలో పొడుగ్గా ఉన్న మీట మీద చూపుడువేలు గీసి, ఆ వేలు ఆయన ముందు పెట్టింది.

"ఇదేందప్పా మరి?"

ఆయన ఆ వేలు చూశాడు. చూడలేదనడానికి లేదు. "నేను రాసేది తోట గురించమ్మా, నా కీబోర్డు గురించి కాదు."

"తోటలో కూచోనే కదప్పా రాస్తాండావు."

ఆయన పలకను మూడు మడతలూ మడిచి డబ్బీలో పెట్టుకున్నాడు. మజ్జిగ తాగాడు. తోటకొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం అత్తకు తెలియదు కాబట్టి, ఆకులో చుట్టి ఇన్ని పూలిచ్చింది. తీసుకున్నాడు. కడిగిన పూలు, తెల్లటివి, ఆ సెలవుల్లో ఆ తోటలోంచి తెల్లగా బయటికి పోయినవి అవే.

ట్యాంకరు వచ్చింది. మలుపు దాకా నీళ్ళు చల్లుకుంటూ వచ్చి, అక్కడ వెనక్కి తిరిగి పోయేది. మలుపుకు ఇవతల, అత్త తోట ఉన్న వైపు, ఆయన రాసినదాని ప్రకారం దుమ్ము లేదు కదా. ఆయుధపూజ నాడు లారీలన్నీ చిత్రదుర్గం దిక్కు నుంచి తెప్పించిన చామంతులు కట్టుకుని, నిమ్మకాయలు తొక్కుకుంటూ, మా ముందు నుంచే పోయాయి. అత్త కోసిన పూలు పెరట్లో ఎర్రటి కుప్పగా పడి ఉంటే బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంది. మర్నాడు సాయంత్రం బన్ని ఆకు, అదే జమ్మి ఆకు, పంచుకుని బంగారంలా ఉందామని చెప్పుకునేటప్పుడు మామ నా చేతిలో ఆకు పెట్టాడు గానీ ఆ మాట అనలేదు.

ఇంకో రెండేళ్ళకు తోట పోయి లారీలు నిలిపే జాగా అయింది. గనులు మూతపడ్డప్పుడు లారీలూ పోయాయి. మళ్ళీ తెరిచారు, మళ్ళీ వస్తున్నాయి. అరటినార తెచ్చి అమ్మే ముసలాయన లేడు, పూలబుట్టలు లేవు, పూలు కొలిచి చూపించే డ్రైవర్లు లేరు. సుంకమ్మత్త ఉంది. శుక్రవారం పూజకు బస్టాండు దగ్గర మూరెడు పూలు కొనుక్కుంటుంది, కొనేముందు వేలితో ఒక రేకు రుద్ది చూసుకుంటుంది.

తోట ఉండిన నేల మీద తొక్కుడుపడి గట్టిపడిన ఎర్రపొర ఇంకా అట్లాగే ఉంది. దాన్ని తీయించవలసింది మీరేనా అని అడిగితే ఒక ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, ఆ రెండోవాళ్ళు మొదటి ఆఫీసు పేరే చెప్పారు. మొన్న నేను అక్కడ కూచుని ఇది రాస్తున్నప్పుడు ట్యాంకరు వచ్చింది. కొత్త బండి. మలుపు దాకా నీళ్ళు చల్లి వెనక్కి తిరిగింది.