జెండా పడ్డాక ఇచ్చిన డ్రా

నా కంటికి చూపును, నా నోటికి మాటను ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన ముందు పెద్ద ముఖం, చిన్న ముఖం అని లేదు. అది తలుచుకుంటేనే నాకు వణుకు.

హుస్సేనీ ఆలంలోని మా చర్చి హాల్లో ఏటా చదరంగం పోటీలు పెడతాం. ఎవరైనా ఆడవచ్చు. సండే స్కూల్లో వాక్యం చెప్పే నేనే ఆర్బిటర్‌ని, అంటే ఆటలో తీర్పు చెప్పేవాణ్ణి. మావి కీ ఇచ్చే పాత గడియారాలు. ఎవరి టైం అయిపోతే వాళ్ల వైపు గడియారం మీది చిన్న ఎర్ర జెండా పడుతుంది, వాళ్ల ఆట పోతుంది. అందుకే ఒక నియమం ఉంది. రెండు నిమిషాలకన్నా తక్కువ మిగిలినవాళ్లు గడియారం ఆపి డ్రా అడగవచ్చు. అవతలివాడు గెలిచే ప్రయత్నం చేయకుండా టైం కోసమే కాచుకున్నాడని తోస్తే ఆర్బిటర్ డ్రా ఇస్తాడు. వెంటనే తేల్చలేకపోతే కాసేపు ఆట చూసి, జెండా పడ్డాకైనా ఇవ్వవచ్చు. ఆ మాటకు అప్పీలు లేదు.

ఆ రోజు ఆఖరి ఆటలో గడియారం ఆపింది మా సంఘం పిల్లే. ఫలక్‌నుమాలో ఉంటుంది, డిగ్రీ చదువుతోంది. డ్రా అయితే జిల్లా జట్టులోకి వెళుతుంది, ఓడితే లేదు. ఆమెకు మిగిలింది రాజు, ఏనుగు. ఎదురుగా చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే భాయ్. ఆయనకు రాజు, ఏనుగు, పైన ఒక గుర్రం.

"అంకుల్, డ్రా గావాలె," అంది.

"ఏంది బేటా, నా గుర్రం ఊకెనే ఉందా?" అని భాయ్ నవ్వాడు.

ఈ స్థితి మామూలుగా డ్రానే. కానీ కంగారులో ఓడిపోయినవాళ్లను చూశాను. వెంటనే ఇస్తే మా పిల్ల అని ఇచ్చినట్టు. ఇవ్వకపోతే మా పిల్ల అని భయపడి ఇవ్వనట్టు. నిర్ణయం వాయిదా వేసి, నియమం ప్రకారం భాయ్‌కి రెండు నిమిషాలు కలిపి, గడియారం మళ్లీ నడిపించి, పక్కనే కూర్చున్నాను.

భాయ్ గుర్రం ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఆయన రాజు కదల్లేదు. ఎటు తేల్చాలో తోచక, తెలియకుండానే పైకి అనేశాను: "మహా పరిశుద్ధుడవైన తండ్రీ..."

మా సంఘంలో ఆ మాట వినబడితే ఎక్కడివాళ్లు అక్కడ తల వంచుతారు. వెనక నిలబడ్డ మావాళ్లంతా కళ్లు మూసుకున్నారు. ఆ పిల్ల కూడా. ఎత్తు వేయవలసింది ఆమే. ఆమె గడియారమే నడుస్తోంది. నేను నోరు మూసుకునేలోపు జెండా పడింది.

"పడ్డది! చూడుండ్రి అన్నా," అన్నాడు భాయ్.

మావాళ్లు లొల్లి మొదలుపెట్టారు. "ప్రార్థనల పోయిన టైం గెట్ల లెక్కవెడ్తరు?"

"ప్రార్థన సంగతి పక్కన పెట్టుండ్రి. డ్రా అడిగింది జెండా పడకముందు. నేను చెప్పేది బోర్డు గురించే," అని భాయ్ వైపు తిరిగాను. "భాయ్, గుర్రంతో గెలిచే దారి ఏది? చూపియ్యి."

"దారి గడియారంల ఉండె గద అన్నా!" అన్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్లే పకపకా నవ్వారు.

డ్రా ఇచ్చాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "మీ చర్చి, మీ పిల్ల, మీ డ్రా. మస్తుంది," అని నాకు చెయ్యి ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఏడుస్తూ నా చేతులు పట్టుకుంది.

నియమం ప్రకారం తీర్పు సరైనదే. ఎవరు అడిగినా చెప్పగలను. కానీ ఆ కుర్చీల్లో వాళ్లిద్దరూ అటు ఇటు మారి ఉంటే, భాయ్ డ్రా అడిగి ఉంటే, అదే మాట అంతే గట్టిగా అనేవాణ్ణా? అవునని నా నోరు అంటుంది. నా గుండె ఇంకా అనలేదు. చదివేవారా, మీరు ఏ గుడిలో, ఏ మసీదులో, ఏ చర్చిలో మోకరించినా ఒక్క క్షణం నాతో కలిసి అడగండి: ప్రభువా, తీర్పు చెప్పేవాడి కన్ను మనుషుల మీదికి పోనివ్వకు. ఆమేన్.