మా తాతగారి నాలుగు వేల బాతులు

మా తాతకు ఉన్నది సైకిల్ షాపు. గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు. మొత్తం పదకొండు సైకిళ్ళు, వాటిలో రెండింటికి బ్రేకులుండేవి కావు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మయూర్ విహార్‌లో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ వాళ్ళెవరికీ ఇది తెలియదు. వాళ్ళకు తెలిసిన మా తాత కొల్లేటి ఒడ్డున నాలుగు వేల బాతులను మేపినవాడు.

మొదట అవి నాలుగు వందలే. ఆ జూలైలో ఒక అడవి బాతు వచ్చి మా నాలుగో అంతస్తు బాల్కనీలో, పాడైపోయి మూలన పడివున్న కూలర్‌లో గుడ్లు పెట్టింది. కూలర్‌కు ఒక పక్క తలుపు ఊడిపోయి, లోపల పాత గడ్డి మిగిలి ఉంది. యమున నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది కదా, మరి మా కూలర్‌లో దానికేం నచ్చిందో తెలియదు. నల్లటి ముక్కు, చివర పసుపు, మొదట్లో రెండు ఎర్రచుక్కలు. దాన్ని చూడ్డానికి లిఫ్టు నిండా జనం వచ్చేవారు. వచ్చినవాళ్ళను ఊరికే పంపడం నాకు చేతకాదు. కాబట్టి తాతను కథలోకి పిలిచాను.

ఆఫీసుకు వెళ్ళే మెట్రోలో కూడా అదే కథ. మయూర్ విహార్‌లో ఎక్కేటప్పుడు నాలుగు వందలున్న బాతులు యమున దాటేసరికి వెయ్యయ్యేవి. మధ్యాహ్నం అశోకా రోడ్డు క్యాంటీనులో భోజనం కోసం వరుసలో నిలబడ్డప్పుడు, అన్నం ఆలస్యమైన కొద్దీ పెరిగి నాలుగు వేల దగ్గర స్థిరపడ్డాయి. తాత ఈల వేస్తే అన్నీ ఒక్కసారి తలెత్తేవట. ఏ గుడ్డు ఏ బాతుదో చీకట్లో తడిమి చెప్పేవాడట.

ఆ రోజుల్లోనే మా అత్తగారు కంటి ఆపరేషన్ కోసం ఊరి నుంచి వచ్చి మా దగ్గరున్నారు. ఆమె నిజంగానే కొల్లేటి మనిషి. పెరట్లో యాభై బాతులను సాకిన మనిషి. సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు మా తాత సైకిల్ షాపు బెంచీ మీద కూర్చుని నిమ్మసోడా తాగిన మనిషి కూడా. తాత బాతుల మందను నెల్లూరు దాకా నడిపించుకుని వెళ్ళిన కథ నేను రెండో అంతస్తు ఆంటీకి చెబుతుంటే, అత్తగారు టీ కప్పులు అందించి, కొంగు సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఒక్కసారైనా ముఖం మారలేదు. అది నా మీద గౌరవం అనుకున్నాను. గౌరవమే. అదే కొంప ముంచింది.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున గుడ్లు పగిలాయి. తొమ్మిది పిల్లలు. పసుపూ గోధుమరంగూ కలిసిన ఉండలు. తల్లి బాల్కనీ గోడ మీద నుంచి కింద పార్కులోకి ఎగిరి, అక్కడి నుంచి వాటిని పిలిచింది. పిల్లలు కూలర్ అంచు దాకా వచ్చి ఆగాయి. మళ్ళీ పిలవడానికి అది పైకి ఎగిరింది. ఇక్కడ పంద్రాగస్టుకు గాలిపటాలు ఎగరేస్తారు, అది దగ్గరపడి ప్రతి డాబా మీదా అవే. ఎవరి చేతిలోని మాంజానో తెలియదు, దాని రెక్కను మొదట్లో ఎముక దాకా కోసేసింది. వెళ్ళి ఒక కారు పైకప్పు మీద పడింది. కాసేపు ప్రాణం ఉంది. పైన పిల్లలు అరిచినప్పుడల్లా కింద నుంచి జవాబిచ్చింది. తర్వాత ఇవ్వలేదు. వాచ్‌మన్ దాని మీద గోనెసంచి కప్పి, కారు ఓనరు చూడకముందే రక్తం కడిగేశాడు.

పావుగంటలో మా హాలు నిండిపోయింది. రెండో అంతస్తు ఆంటీ రిటైరైన టీచరు, పనులు వెంటనే తేల్చే మనిషి. పక్షులను కాపాడేవాళ్ళ ఫోన్ నంబరు తన దగ్గరుందనీ, పిలిస్తే వచ్చి తీసుకెళ్తారనీ చెప్పి, ఫోన్ తీసింది. ఆ ఒక్క నిమిషంలో నేను సరేననుంటే ఈ రాతకు అవసరమే ఉండేది కాదు. కానీ అందరూ నా ముఖం చూస్తున్నారు. పదకొండేళ్ళ మా అమ్మాయి కూడా చూస్తోంది. నాలుగు వేల బాతుల మనవడు తొమ్మిది పిల్లల కోసం ఫోన్ చేయించడం ఏం బాగుంటుంది?

“ఆంటీ, మా ఇంట్లో బాతు పిల్లలు ఉయ్యాల్లో పిల్లలతో పాటు పెరిగేవి. నాకు వదిలేయండి” అని హిందీలో అన్నాను. ఆంటీ ఫోన్ పర్సులో పెట్టేసింది.

తర్వాత బట్టలు నానబెట్టే నీలం టబ్బును బాల్కనీలోకి లాగి, నిండా నీళ్ళు పట్టి, తొమ్మిదింటినీ అందులో వదిలాను. మా తాత మొదటి రోజే ఈత పెట్టించేవాడని, ఈదని పిల్లకు ఆకలి వేయదని చెప్పాను. అవి ఈదాయి. ఎంత ముద్దుగా ఈదాయంటే, అందరి ఫోన్లూ ఒకేసారి పైకి లేచాయి. మా అమ్మాయి “మా నాన్న, మా నాన్న” అంటూ హిందీలో వీడియోకు వ్యాఖ్యానం చెబుతోంది.

అత్తగారు బాల్కనీ తలుపు దగ్గర పాత తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. ఎందుకని నేను అడగలేదు.

“అల్లుడు గారూ, టీ చల్లారిపోతోందండీ” అన్నారు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నారు. వేడి చేసి తెమ్మన్నాను.

గంటసేపు సాగింది ఆ వేడుక. టబ్బు గోడలు నున్నగా ఉన్నాయి, ఎక్కడానికి పట్టు లేదు. పిల్లలు అంచు పొడుగునా తిరుగుతుంటే ఆడుకుంటున్నాయన్నాను. బయటికి దారి వెతుక్కుంటున్నాయని ఇప్పుడు నాకు తెలుసు. మెల్లగా నీళ్ళలో కిందికి దిగుతుంటే మునకలు నేర్చుకుంటున్నాయన్నాను. జనం చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. ఆఖరి మనిషికి తలుపు వేసి వచ్చేసరికి అత్తగారు టబ్బు పక్కన కూర్చుని, పిల్లలను ఒక్కొక్కటే తువ్వాలులోకి తీస్తున్నారు. రెండు అప్పటికే మెడ వాల్చేశాయి. మరో మూడు, ఆమె చేతుల్లో వణికి వణికి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఆగిపోయాయి. మిగిలిన నాలుగింటిని ఆమె ఇత్తడి గిన్నెలో నా పాత లుంగీ పరిచి పడుకోబెట్టి, పైన బల్బు వేలాడదీశారు.

“అడవివైనా ఇంటివైనా ఒకటేనండీ. తల్లి ఒంటి నూనె అంటాలి వాటికి” అన్నారు. “తల్లి రెక్కల కింద ఉంటేనే అంటుద్ది. అది అంటకుండా నీళ్ళలో వదిలితే దూది నానినట్టు నానిపోతాయి.”

మీకు ముందే తెలుసా అని అడిగాను.

“యాభై బాతుల్ని సాకానండీ, తెలీకపోడమేంటి.”

మరి చెప్పలేదేం అన్నాను. ఆమె నన్ను జాలిగా చూశారు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

“అంతమందిలో అల్లుడి మాట తీసేస్తే బాగుంటదా అండీ? టీ చల్లారిందని రెండుసార్లు చెప్పాను కదా.”

మా ఆవిడ ఘాజియాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, న్యూస్‌పేపరు మీద వరసగా ఉన్న ఐదింటినీ చూసింది. చెయ్యి కడుక్కుంటూ, “మా వార్డులో కూడా ఏమీ తెలియనివాళ్ళే అందరికంటే ఎక్కువ ధైర్యం చెప్తారు” అంది. అంతే, ఇక దాని ఊసెత్తలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ తిట్టని మనుషులు. తిడితే సర్దుకోవచ్చు.

మర్నాడు పొద్దున నాలుగింట్లో ఒకటి కాళ్ళు రెండు పక్కలకు చాపేసి, లేవలేక, గిన్నెలో గుండ్రంగా తిరుగుతోంది. అత్తగారు దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి, ప్రార్థన చేసుకున్నారు. తర్వాత కొంగు చాటున రెండు వేళ్ళతో చిన్న పని చేశారు. పచ్చిమిరపకాయ తొడిమ తుంచినంత చప్పుడు. ఆమె వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మా అమ్మాయి.

నేను వెంటనే అందుకున్నాను. అమ్మమ్మ దాన్ని వాళ్ళమ్మ దగ్గరికి పంపించిందనీ, యమునలో ఒక ముసలి బాతు ఉందనీ, తల్లిలేని పిల్లలన్నిటికీ అదే అమ్మ అనీ చెప్పాను. మంచి కథ. మరో రోజైతే నేనే నమ్మేవాణ్ణి. మా అమ్మాయి తెలుగు అంతా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం హిందీలోనే చెప్తుంది.

“పాపా, ఆప్ ఝూఠ్ బోల్ రహే హో” అంది. అబద్ధం చెప్తున్నావని. కోపంగా కాదు, టైమెంతయిందో చెప్పినట్టు.

మూడు మిగిలాయి. అత్తగారు ఉడికిన గుడ్డు పచ్చసొన నలిపి, ఆకుకూర సన్నగా తరిగి పెట్టారు. నేను ముందురోజు పెట్టిన పాలలో నానిన బ్రెడ్డును చెత్తబుట్టలో వేసి, “మీ తాతగారు ఇది పెట్టేవారేమోనండీ, మాకు అలవాటు లేదు” అన్నారు. ఇంట్లో బయటివాళ్ళెవరూ లేనప్పుడు మాత్రం ఆమె నాలుక అలా కొంచెం వదులయ్యేది.

ఆ సాయంత్రమే మూడో అంతస్తు వాళ్ళు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చారు. వీడియో చూశారట, బాతు పిల్లల ఈత మళ్ళీ చూడాలట. మా అమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. ఏం చెబుతానోనని ఎదురుచూస్తోంది. ఐదు చచ్చిపోయాయి, నా వల్లే చచ్చిపోయాయి అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? సోమవారం బాతులకు ఉపవాసం, నీళ్ళు ముట్టవు, మా తాత కట్టుబాటు అని చెప్పాను. వాళ్ళు భక్తిగా తలూపారు. గాలీవెలుతురూ తగలాలని గిన్నెను బాల్కనీ గోడ మీద పెట్టి, ఉపవాసం ఎలా మొదలైందో చెప్పసాగాను. కథ సగంలో ఉండగా ఒక కాకి దిగి, తొందర లేకుండా ఒకదాన్ని ఎంచుకుని ఎత్తుకెళ్ళింది. ఎదుటి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని తింది. అది తింటున్నంతసేపూ ఆ పిల్ల అరుపు మాకు వినిపించింది. చుట్టాల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో నన్ను అడగకండి.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆంటీకి చెప్పు, నీకు రాదని చెప్పు అంది హిందీలో. ఇంకా రెండున్నాయి పాపా అంది.

ఫోన్ చేశాను. నాకు రాదు అన్న రెండు ముక్కలు నాలుక చివరి దాకా వచ్చాయి. బయటికి వచ్చినవి మాత్రం వేరే. ఆఫీసులో ఆడిటింగ్ ఉందనీ, తీరిక దొరకడం లేదనీ చెప్పాను. ఆంటీ నా మీద జాలిపడింది.

మర్నాడు పొద్దున పక్షులను కాపాడేవాళ్ళ దగ్గర నుంచి ఒక అమ్మాయి గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ఆంటీ కూడా వెంట వచ్చింది. ఆ అమ్మాయి రెండు పిల్లలనూ చేతిలోకి తీసుకుని, ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఊపిరిలో గురగుర ఉందంది. మామూలుగా ఎనిమిదో పదో పిల్లలుంటాయి, మిగతావేమయ్యాయి అని అడిగింది. తడిసి చనిపోయాయా, జబ్బు చేసి చనిపోయాయా తెలిస్తే వీటికి ఆ మందే ఇస్తామని వివరంగా చెప్పింది. ఇంతకంటే సులువుగా ఎవరూ అడగలేరు.

ఆంటీ వింటోంది. రెండే పిల్లలయ్యాయి, మిగతా గుడ్లు మురిగిపోయాయి అన్నాను. ఆదివారం తొమ్మిదింటినీ వీడియో తీసిన ఆంటీ కనుబొమలు ముడివేసింది. ఎక్కువే చూసినట్టు గుర్తే అంది. నీళ్ళలో నీడలతో కలిపి రెట్టింపు కనిపిస్తాయి ఆంటీ అన్నాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, కావచ్చు అంది. నా అబద్ధాలన్నిటిలోకీ ఇంత నాసిరకం అబద్ధం ఇంకోటి లేదు, ఇంత తేలిగ్గా చెల్లిందీ లేదు.

పెట్టె పట్టుకున్న అమ్మాయికి మాత్రం అనుమానం పోలేదు. అత్తగారి వైపు తిరిగి, వేళ్ళు చూపిస్తూ, “కిత్నే”, ఎన్ని అని అడిగింది. అత్తగారికి హిందీ రాదు గానీ ఆ మాట తెలుసు. నా ముఖం చూసి, కొంగు సర్దుకుని, రెండు వేళ్ళు చూపించారు.

ఇక మా అమ్మాయి మిగిలింది. పిల్లలు అబద్ధం చెప్పరని లోకం నమ్ముతుంది కదా. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, బేటా, నువ్వు చెప్పు, ఎన్ని పుట్టాయి అంది. పెట్టెలో గురగుర వినిపిస్తోంది. మా అమ్మాయి పెట్టెను చూసింది. అమ్మమ్మను చూసింది. నన్ను చూడలేదు.

“దో” అంది.

ఆంటీ ఎదుట నాన్న మాట తీసెయ్యకూడదని దానికి ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది. అత్తగారు దాని తల నిమిరారు. నాకు ఆ రోజు పోయింది బాతు పిల్లలు కాదనిపించింది. కానీ అది కూడా ఒక మంచి మాటలా ఉంది కాబట్టి నేనే నమ్మను. పోయినవి బాతు పిల్లలే. గురగురలాడిన పిల్ల నాలుగో రోజున పోయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ముందే తెలిసుంటే మందుండేదని ఆంటీతో అన్నారట. ఆంటీ ఆ మాట నాకు లిఫ్టులో చెప్పింది.

అక్టోబరులో ఆ ఒక్కదాన్ని నీళ్ళలోకి వదులుతామని కబురొస్తే యమున పక్క మడుగు దగ్గరికి వెళ్ళాం. మా అమ్మాయి రానంది. ఆంటీ అక్కడున్న నలుగురికీ నన్ను పరిచయం చేసింది. ఈయన తాతకు నాలుగు వేల బాతులు, ఈయన హస్తవాసి వల్లే ఈ ఒక్కటైనా మిగిలింది అని. అందరూ నావైపు తిరిగారు.

“నాకు బాతుల గురించి ఏమీ తెలియదు” అన్నాను. “మా తాతది సైకిల్ షాపు.”

వాళ్ళు నవ్వారు. చూశారా ఎంత వినయమో అంది ఆంటీ. మా అత్తగారు పక్కనే ఉన్నారు. సోడా తాగిన బెంచీ ఆమెకు గుర్తుండే ఉంటుంది. ఆమె వైపు చూశాను, ఈ ఒక్కసారి నా మాట నిజమని తలూపితే చాలని. ఆమె కొంగు సర్దుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. పెట్టె తెరిచారు. బాతు దిగింది. నీటిబొట్లు దాని వీపు మీద నిలవకుండా జారిపోయాయి.