మూత తిప్పిన బావగారు

మా ఊళ్ళో కారు బానెట్ ఎత్తిపెట్టి నిలబడితే చాలు, పిలవకుండానే మగవాళ్ళు వచ్చి చేరతారు. చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి తొంగి చూస్తారు. కనబడిన పైపునల్లా వేలితో నొక్కుతారు. ఆ తరువాత ఏదో ఒకటి తీసి పారెయ్యమంటారు. చింతామణిలో నేను విన్న సలహాలన్నీ పాటించి ఉంటే మా కారుకు ఈపాటికి చక్రాలూ హారనూ మాత్రమే మిగిలేవి.

ఈ సలహాదారుల్లో మొదటివారు మా బావగారు, అంటే మా ఆయనకు అన్న. అన్నదమ్ములు వేరుపడినప్పుడు బజారువీధిలోని బట్టల అంగడి ఆయన తీసుకున్నారు. మామగారు వాడిన పాత కారు మాకు వదిలారు. "ఆ డబ్బా మీరే పెట్టుకోండప్పా, నా వాకిట్లో దానికి చోటు లేదు" అని బంధువులందరి ముందూ త్యాగం చేస్తున్నట్టు ముఖం పెట్టి మరీ అన్నారు. మా ఆయన తలూపారు. అన్న ఏమన్నా తలూపడమే మా ఆయనకు వచ్చిన విద్య. కారు నడపడం ఆయనకు రాదు, నేర్చుకోవాలనీ లేదు. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. అందుకని కారు నా పాలబడింది. నడపడం, నూనె మార్చడం, ఎక్కడ కిర్రుమంటోందో వెతకడం, అన్నీ నేనే నేర్చుకున్నాను.

పోయిన వేసవిలో దానికి కొత్త జబ్బు పట్టుకుంది. మార్కెట్టు దగ్గర టమోటా లారీల వెనక ఇరుక్కుంటే వేడి చూపే ముల్లు పైకి పాకేది. ఊరు దాటి రోడ్డెక్కితే మళ్ళీ దిగేది. బండి కదులుతుంటే గాలే రేడియేటరును చల్లబరుస్తుంది, నిలబడితే ఫ్యాన్ తిరగాలి. కాబట్టి అనుమానం ఫ్యాన్ మీదే.

ఆదివారం పొద్దున వాకిట్లో పరీక్ష మొదలుపెట్టాను. బండి కింద ముందురోజే పరిచిన అట్టముక్క మీద ఒక్క చుక్క కూడా పడలేదు. నీళ్ళ మట్టం సరిగ్గా ఉంది. ఇంజను ఆన్ చేసి కూర్చున్నాను. ముల్లు సగం దాటింది, ముప్పావు దాకా పోయింది. ఫ్యాన్ కదల్లేదు. అప్పుడు ఏసీ వేశాను. వెంటనే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే మోటారు బాగుంది, కరెంటు అందుతోంది. ఇంజను వేడెక్కిందని ఫ్యానుకు చెప్పే చిన్న స్విచ్ ఒకటి రేడియేటరు కింది భాగంలో ఉంటుంది. చచ్చిపోయింది అదే. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా ఆగుదామని పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను.

అప్పుడే బావగారు తన కొత్త కారులో దిగారు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు.

"ఏం చేస్తాండావమ్మా?"

"ఫ్యాన్ తిరగడం లేదు బావా. స్విచ్ పోయినట్లుండాది."

"స్విచ్చూ లేదు, గిచ్చూ లేదు. థర్మోస్టాట్ అని ఒకటి ఉంటాది. దాన్ని తీసి పారేస్తే ఇంజను ఎప్పుడూ చల్లగా ఉంటాది. నా పాత బండికి అదే చేయించినా."

ఆ పాత బండి కథ నాకు తెలుసు. పెట్రోలు ఊరికే తాగుతోందని దాన్ని తిట్టి తిట్టి చివరికి అమ్మేశారు. ఇంజనుకు కావలసినంత వేడి ఉంచడమే థర్మోస్టాట్ పని, అది లేకపోతే పెట్రోలు ఎక్కువే తాగుతుందని చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. అరుగు మీద పేపరు చదువుకుంటున్న తమ్ముడి వైపు చూసి నవ్వారు. తమ్ముడు తలూపాడు.

"ముందు నీళ్లు ఉండాయో లేదో చూడాల," అంటూ బావగారు రేడియేటరు మూత మీదికి వంగారు.

"ముట్టొద్దండి బావా! లోపల ఉడుకుతా ఉండాది."

"నాకు చెప్తావా నువ్వు?"

నా చేతిలోని గుడ్డ లాక్కుని మూత తిప్పేశారు.

బుస్సుమని నీళ్ళు ఎగజిమ్మాయి. ఆయన చెయ్యి మణికట్టు దాకా తడిసింది. నీళ్ళలో కలిసిన కూలెంట్‌కు తెల్ల చొక్కా ఆకుపచ్చబడింది. నా పాఠాలు వినని పిల్లలు కూడా ఏనాడూ అంత తెలివితక్కువ పని చెయ్యలేదు. మొక్కలకు నీళ్ళు పట్టే పైపు తెచ్చి ఆయన చేతి మీద చన్నీళ్ళు వదిలాను. మా ఆయన మాత్రం టూత్‌పేస్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. దాన్ని లోపల పెట్టి రమ్మన్నాను. పెట్టి వచ్చారు.

మా కారులోని నీళ్ళన్నీ బావగారి చొక్కా మీద ఉన్నాయి కాబట్టి ఆయన కొత్త కారులోనే ఆసుపత్రికి పోవలసి వచ్చింది. తాళం కారులోనే వదిలి టిఫినుకు పోయిన డ్రైవరు ఇంకా రాలేదు, అందుకని నేనే నడిపాను. దారి పొడుగునా ఆయనకు కాలిన చెయ్యి కంటే కారు మీదే దిగులు.

"మెల్లగా పోమ్మా. క్లచ్ మీద ఊరికే కాలు పెట్టొద్దు."

ఆ కారుకు క్లచ్చే లేదు. కొని ఏడాది దాటినా ఆయనకు ఆ సంగతి పట్టలేదు, డ్రైవరే నడుపుతాడు కాబట్టి. డాక్టరు ఏమైందని అడిగితే "ఇంట్లో బాయిలరు పగిలింది సార్" అన్నారు. కట్టు కట్టించి ఇంట్లో దించి వచ్చాను.

చింతామణిలో ఆ స్విచ్ దొరకలేదు. చిక్కబళ్ళాపురంలో పాత బండ్ల సామాన్లు అమ్మే అంగడికి బస్సులో వెళ్ళాను. విప్పిన స్విచ్ బల్ల మీద పెట్టి ఇలాంటిదే కావాలన్నాను. అంగడాయన స్విచ్ వైపు కాకుండా నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "మెకానిక్‌గె ఫోన్ మాడి కొడి మేడం," అన్నాడు కన్నడంలో. నాతో మాట్లాడడం దండగ, మెకానిక్‌కు ఫోన్ కలిపివ్వమని. మెకానిక్‌ను నేనే అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. అంగడాయన తెచ్చిన మొదటి స్విచ్ మర వేరు, రెండోది తీగలు పెట్టే చోటు వేరు. మూడోది నేనే లోపలికి చెయ్యి చూపించి తీయించాను.

ఇంటికొచ్చి, పూర్తిగా చల్లారిన రేడియేటరుకు కొత్త స్విచ్ బిగించి, కూలెంట్ నింపి, లోపలి గాలి బయటికి పోయేదాకా ఇంజను నడిపాను. ముల్లు సగం దాటగానే ఫ్యాన్ తనంతట తానే అందుకుంది. బండి చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాను. అంత తృప్తి ఈమధ్య నాకు దేనిలోనూ కలగలేదు. మా ఆయన అరుగు మీది నుంచి, "ఏమిది సద్దు? మల్లా చెడిపోయిందా?" అన్నారు.

ఆ తరువాత నెలరోజులకు బాగేపల్లిలో మా ఆయన మేనత్తగారింట్లో మనుమరాలి నామకరణం. కారులోనే పోయాం. భోజనాల దగ్గర బావగారు పంక్తి మధ్యలో కూర్చున్నారు. చెయ్యి మానింది కానీ మచ్చ ఉంది. ఎవరో దాని గురించి అడిగారు.

"ఆ పాత డబ్బా భగ్గుమన్నాది అప్పా. ఆవిరంతా ఆయమ్మ మొగం మీదికి వస్తాంటే నేను చెయ్యి అడ్డం పెట్టినా. లేకుంటే ఈపొద్దు ఆయమ్మ ఇట్ల కూచోని ఓళిగలు తింటాండునా?"

అందరూ అయ్యో అన్నారు. ఒకాయన నా వైపు తిరిగి కారు అమ్మేయమన్నాడు. మా ఆయన విస్తరిలోకి చూస్తూ తలూపారు. నా ఓపిక అక్కడితో అయిపోయింది.

"మూత తిప్పింది మీరే గదా బావా," అన్నాను. "ముట్టొద్దని నేను చెప్తానే ఉంటిని. నా చేతిలో గుడ్డ పీక్కొని మరీ తిప్పితిరి. డాక్టరుకేమో బాయిలరని చెప్పితిరి."

నెయ్యి వడ్డిస్తున్న మేనత్తగారు ఆగిపోయారు. "అట్లనా రా?"

"అంత ఉడుకుగా ఉంటాదని ఎవరికి తెలుసత్తా?"

"పొయ్యి మీది ఎసరు మూత ఎట్ల తీయాల్నో మా ఐదేండ్ల పెద్ద మనుమరాలికి తెలుసు గదరా!"

పంక్తి పంక్తంతా నవ్వింది. బావగారు సగం ఓళిగ వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

తిరుగుదారిలో మా ఆయన చాలాసేపు గొంతు సవరించుకున్నారు. "అన్నను అందరి ముందర అట్ల అనకుండా ఉంటే బాగుండు," అన్నారు చివరికి.

"అబద్ధం అందరి ముందరే చెప్పినారు గదా. నిజం యాడ చెప్పల్ల, మేడ మీదనా?"

గూళూరు దాటకముందే ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయారు. నాకు కోపం కూడా రాలేదు. కోపం రావడానికి మనిషి మీద కొంచెమైనా గౌరవం మిగిలి ఉండాలి.

బావగారు చాన్నాళ్ళు మా ఇంటి వైపు రాలేదు. దీపావళికి మాత్రం తమ్ముడికి ఫోన్ చేశారు. తన కారులో ఏదో పసుపు లైటు వెలుగుతోందట. నన్ను అడగమని కాదట, ఊరికే చెప్తున్నారట. షోరూముకు తీసుకుపొమ్మని చెప్పించాను.