గ్రాంట్ చంపిన అమ్మమ్మ

కైసా నియెమెలాకు అన్యాయం చేసినవాళ్లు ఆ సంగతి మరిచిపోవచ్చు గానీ కైసా మరిచిపోదు. ఆరో తరగతిలో తన మంచు బూట్లు దాచిన పిల్ల పేరు ఆమెకు ఇప్పటికీ గుర్తే. కాలేజీలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆ గుణం నచ్చే నేను ఆమెతో స్నేహం చేశాను. అందరినీ ఇట్టే క్షమించేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ అనుమానం.

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాగి గనులు మూతబడ్డ ఊరు ఆమెది. మా కాలేజీ ఉన్నదీ ఆ ఊళ్లోనే. పెంచింది అమ్మమ్మ లెంపి. ఆవిడకు మూత్రపిండాలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాల్సి వచ్చేది. కాలేజీలో చేరాక కూడా కైసా ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు. పొద్దున్నే పాత ట్రక్కు మీద మంచు గీకి, అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లి, పక్క కుర్చీలో కూర్చుని కెమిస్ట్రీ చదువుకునేది. ఇంట్లో నారింజపండు, అరటిపండు కనపడనిచ్చేది కాదు. ఆ జబ్బుకి అవి విషంతో సమానం, నీళ్లు కూడా కొలిచి తాగాలి. "నువ్వు మనవరాలివా, జైలరువా?" అని లెంపి రోజూ తిట్టిపోసేది.

కైసా డాక్టరు కావాలనుకుంది. మార్కులు మాత్రం ఒక మోస్తరు. మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టేవాళ్లను ముందు మా కమిటీయే పిలిచి మాట్లాడుతుంది. 'ఈ పిల్ల మంచిది, తీసుకోండి' అని కమిటీ గట్టిగా చెప్పకపోతే మోస్తరు మార్కులవాళ్లకు ఎక్కడా సీటు రాదు. డాక్టరెందుకు కావాలనుకుంటున్నావు అన్నది అక్కడ మొదటి ప్రశ్న. అందుకని మావాళ్లు చెప్పుకోవడానికి ఒక కష్టం కోసం ఊరంతా వెతుకుతారు. ఏ కష్టమూ ఎరగని పిల్లలకు అదే పెద్ద కష్టం.

గ్రాంట్ హోల్‌బ్రూక్ ఆ రకం. తండ్రి పేరున్న చర్మవైద్యుడు, అమ్మమ్మ ఫ్లోరిడాలో గోల్ఫ్ ఆడుకుంటోంది. ల్యాబులో అతను కైసాకు జోడీ. "ఎప్పుడు చూసినా ఆవలిస్తావేంటి నువ్వు?" అని అడిగితే ఒకరోజు ఆమె నోరు జారి అంతా చెప్పేసింది.

కమిటీ కూర్చోవడానికి వారం ముందు మాలో మేమే ప్రశ్నలడిగి సాధన చేశాం. గ్రాంట్ లేచాడు.

"మా అమ్మమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లేవాణ్ణి. పాత ట్రక్కు, చుట్టూ మంచు. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు డాక్టరువి కావాలిరా' అని కన్నుమూసింది."

కళ్లు కూడా తుడుచుకున్నాడు, పాపిష్టివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కమిటీ ముందు మొదటి వంతు అతనిది, ఆ తర్వాతిది కైసాది. ఇక ఆమె అదే మాట చెబితే దొంగ ఎవరవుతారు?

"వెళ్లి ఫిర్యాదు చెయ్యవే," అన్నాను గదికి రాగానే.

"ఇద్దరమ్మమ్మలకి ఒకే జబ్బు రాకూడదా అంటాడు. కథ పోతే పోయింది మాడీ, మా అమ్మమ్మని చంపేశాడే! రేప్పొద్దున ఆవిణ్ణి నేను ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

మర్నాడు క్యాంటీన్లో ఆమె తనంతట తనే వెళ్లి గ్రాంట్ ఎదురుగా కూర్చుంది. నేనూ పక్కన చేరాను.

"కోపమొచ్చిందా?" అన్నాడు వాడు, మాంసం కూరిన పేస్టీ నములుతూ. "అందరూ చేసేదేగా. నేను చెప్పినంత మాత్రాన మీ అమ్మమ్మ అరిగిపోతుందా?"

"కోపమెందుకు? బాగా చెప్పావు. కాకపోతే మరీ పొడిగా ఉంది. ముసలివాళ్ల ముచ్చట ఒకటైనా ఉండాలి కదా. దారిలో ఆగి పెద్ద సీసాడు నారింజరసం కొనిచ్చేవాణ్ణి, రెండు అరటిపళ్లు ఒలిచి పెట్టేవాణ్ణి, ఆవిడ తాగి చిన్నపిల్లలా నవ్వేది అని చెప్పు. కమిటీ కరిగిపోతుంది."

"నువ్వు దేవతవి కైసా!" అన్నాడు. జీవరసాయనంలో తరగతికే మొదటివాడు. కానీ డయాలసిస్ వార్డు గుమ్మం తొక్కినవాడు కాదు, అందుకే గుటుక్కున మింగాడు. నేను నవ్వాపుకోలేక గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

కమిటీలో ఆ ఊళ్లోనే చిరకాలం వైద్యం చేసిన డాక్టర్ ఆల్‌గ్రెన్ అనే పెద్దావిడ ఉంటుందని కైసాకు తెలుసు. ఆ రోజు గ్రాంట్ ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చి నేరుగా కైసా మీదికి వచ్చాడు.

"ఏం చెప్పించావే నాచేత! 'వెళ్లిన ప్రతిసారీ ఇచ్చేవాడివా?' అని అడిగింది ఆ ముసల్ది. ఒక్కసారి కూడా మానలేదన్నాను. 'అయితే నాయనా, మీ అమ్మమ్మని జబ్బు చంపలేదు, నువ్వే చంపావు' అంది!"

"అయ్యో పాపం," అంది కైసా. "ఎవరి అమ్మమ్మని?"

నాకైతే పండగే అనిపించింది. ఆమె జడ సవరించుకుని లోపలికెళ్లింది. లోపల జరిగింది తర్వాత తనే చెప్పింది. పళ్లు దాచడం, తిట్లు తినడం అన్నీ చెప్పాక ఆల్‌గ్రెన్ "ఆ అబ్బాయికి నారింజరసం సంగతి ఎవరు నేర్పారు?" అని అడిగిందట.

"నేనేనండీ. బతికున్న మా అమ్మమ్మని చంపేశాడు. ఎలా చంపాడో కూడా చెప్పాలి కదా అని నేర్పాను."

కమిటీ గ్రాంట్‌ను పూర్తిగా వదిలేసింది. కైసాను ఏడాది ఆగి రమ్మంది. "ప్రాణం తీసేదేదో తెలిసి, నవ్వుతూ ఒకడి చేతిలో పెట్టావు," అందట ఆల్‌గ్రెన్. "ఆ చేత్తో ఇప్పుడే మందివ్వనివ్వను."

నాకు ఒళ్లు మండిపోయింది. "మొద్దుమొహమా! నాకేం తెలీదని ఒక్క ముక్క అనుంటే నీ సీటు నీకుండేది. ఎందుకు ఒప్పుకున్నావే?"

కైసా ట్రక్కు తాళాలు తీసుకుంది. ఆసుపత్రి వేళవుతోంది.

"వాడి కథతో ఆ గదిలో మా అమ్మమ్మ చచ్చిపోయి ఉందే. నేను ఒప్పుకుంటేనేగా బతికేది. ఏడాది పోతే పోనీ."