సుంకమ్మ అడిగిన నాలుగో దీపం

కల్మలలో సుంకమ్మ రొట్టె కాలిస్తే అది పెనం మీంచి నేరుగా కంచంలో పడాలి. చల్లారిన రొట్టె పెట్టడం ఆమెకు సుతరామూ ఇష్టం ఉండదు. అందుకే మధ్యాహ్నం దాటితే ఫోన్ పట్టుకునేది. భర్త నారప్ప సిరవార వైపు వరి పొలాల్లో ట్రాక్టర్ నడుపుతాడు. కోడలు హిమబిందు రాయచూరులో ఒక డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. ఎక్కడున్నారు, ఎప్పుడు బయల్దేరుతున్నారు అని ఇద్దరినీ మార్చి మార్చి అడిగేది. క్లాసులో ఫోన్ మోగి మోగి విసిగిపోయిన హిమబిందు, ముగ్గురి ఫోన్లనూ కలిపి ఎవరెక్కడున్నారో మ్యాపులో కనిపించేలా చేసింది.

సుంకమ్మకు అది భలే నచ్చింది. కొన్నాళ్లకు రొట్టెల సంగతి వెనక్కి పోయి, ఆరా ముందుకొచ్చింది. డాక్టరు నూనె వద్దన్న మనిషి మిర్చి బజ్జీల బండి దగ్గర ఎంతసేపు ఆగాడు, కోడలు బస్టాండులో ఎవరితో నిలబడింది, అన్నీ కావాలి. నారప్ప ఫోన్‌ను ట్రాక్టర్‌లోనే వదిలేసి బజ్జీలకు నడిచివెళ్లడం నేర్చుకున్నాడు.

ఒకరోజు తింటూ ఆయనే మ్యాపు చూసి అడిగాడు.

"నిన్న పొద్దుగాల హైస్కూల్ మైదానంల నీకేం పని? మొన్న గూడ ఆడనే ఉన్నవ్."

సుంకమ్మ ముఖం కందిపోయింది. పక్కింటి టీచర్ కుసుమకుమారి దగ్గర ఆమె గుట్టుగా స్కూటీ నేర్చుకుంటోంది. ఒకటి రెండుసార్లు పడింది కూడా. బాగా వచ్చాకే ఇంట్లో చెప్పాలనుకుంది.

"నేను యాడ తిరిగితే నీకేంది?" అంది.

అన్నాక తన మాట తనకే వినబడినట్టయింది. నారప్ప పచ్చడి వేసుకున్నాడు. ఆమెకే నవ్వొచ్చింది.

మర్నాడు కోడలి పక్కన కూర్చుంది. "ఆ మ్యాపు తీసెయ్యి బిడ్డా. ఎవరు యాడున్నరో నాకొద్దు. ఇంటికి బయలెల్లిండ్రా లేదా, గంతే గావాలె."

ఆ ఆదివారం హిమబిందు వంటింటి గోడకు ఒక చెక్క పలక బిగించింది. ఒక్కొక్కరి పేరు పక్కన మూడు చిన్న కరెంటు దీపాలు: ఇంట్లో, పనిలో, దారిలో. ఫోన్ పలకకు చెప్పేది అంతవరకే. ఏ ఊరో, ఏ వీధో బయటికి రాదు. సుంకమ్మ కాసేపు చూసి ఇంకొక దీపం కూడా పెట్టమంది. ఎవరైనా తమ ఫోన్‌లోంచి అది వెలిగించుకున్నప్పుడు మనిషి జాడ పలకకు కూడా తెలియకూడదట. దానికేం పేరు పెట్టాలని కోడలు అడిగితే, "నా ఇష్టం అని రాయి" అంది.

దాన్ని మొదట వాడుకున్నది నారప్పే. బజ్జీలకేనని తెలిసినా సుంకమ్మ నోరు మెదపలేదు. ఆ పూట మాత్రం పప్పులో తాలింపు వేయలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం నారప్ప వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య పేరు పక్కన నాలుగో దీపం వెలుగుతోంది. ఫోన్ తీశాడు. ఏమనుకున్నాడో మళ్లీ జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఎర్ర స్కూటీ వచ్చి ఆగింది. నడుపుతున్నది సుంకమ్మ, వెనక కుసుమకుమారి. ఆయన ఏమీ అడగలేదు. సుంకమ్మే బండి దిగకుండా మొదలుపెట్టింది. ఇడపనూరులో చెల్లెలి ఇంటికి వెళ్లొచ్చానని, దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టకుండా ఓపిగ్గా ఆగానని, చెల్లెలు నమ్మలేక బండి చుట్టూ తిరిగి చూసిందని.

నారప్ప అంతా విన్నాడు. "ఆదివారం నన్ను గూడ ఎక్కించుకపో" అన్నాడు.

"గట్టిగ పట్టుకొని కూసుంటనంటేనే" అంది సుంకమ్మ.