నీలి అద్దంలో పామిడి రాయి

హిందూపురం పింగాణీ ఫ్యాక్టరీలో ముడిరాయి పరీక్షించే పని నాది. అరవైల్లో ఒక వేసవిలో మా కప్పులూ సాసర్లూ కొలిమిలోనే వంగిపోసాగాయి. మాకు కావలసింది పొటాషియం ఎక్కువున్న ఫెల్‌స్పార్ రాయి. వచ్చినదాంట్లో సోడియం ఎక్కువ. మంచి రాయి దొరక్కపోతే కొలిమి ఆర్పేస్తామన్నారు మేనేజరు. ఇంతలో పామిడి దగ్గర ఒక రైతు బావి తవ్వుతుంటే గులాబీ రంగు రాయి పడిందని కబురొచ్చింది. నన్ను చూసి రమ్మన్నారు.

తెల్లారగానే ప్యాసింజరెక్కాను. ఒళ్ళో పెట్టె, అందులో స్పిరిటు దీపం, ప్లాటినం తీగ, ఆసిడ్ సీసా, జిప్సం పొట్లం, నీలి అద్దం. ధర్మవరంలో కొన్న ఇడ్లీ సహించలేదు. అనంతపురంలో దిగి పామిడి బస్సెక్కాను. బస్సు ఎగిరినప్పుడల్లా సీసా మూత తడిమి చూసుకున్నాను.

"ఏమప్పా, అంత గట్టిగా పట్టుకోనుండావు, దుడ్లా?" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"ఆసిడ్, పెద్దాయనా."

ఆయన లేచి వెనక సీటుకు వెళ్ళిపోయాడు.

పామిడిలో ఆ రైతు ఓబులేసు ఎద్దులబండితో ఎదురుచూస్తున్నాడు. దారి పొడుగునా గడ్డిపోచ లేని ఎర్ర చేలు.

"వానల్లేక పాత బావి ఎండిపాయ సార్. కొత్తది తవ్వితే రాయి అడ్డం పడె. ఇది మీకు పనికిరాకుంటే బళ్ళారి పక్క కూలికి పోతాం," అన్నాడు.

ఆయన భార్య నారాయణమ్మ సంగటి పెట్టింది. తిని బావిలోకి దిగాను. గోడలో వెడల్పాటి గులాబీ పట్టీ. సుత్తితో కొడితే నున్నటి పలకలుగా విరిగింది. కానీ రంగు చూసి నమ్మడానికి లేదు.

ఎండలో మంట రంగు తెలియదని ఇంట్లో తలుపులు మూసి దీపం వెలిగించాను. రాయిలోని పొటాషియం మంటకు బయటపడేందుకు రాతిపొడిని జిప్సంతో కలిపి, ఆసిడ్‌తో తడిపిన తీగకు అంటించి మంటలో పెట్టాను. మంట పసుపుగా లేచింది. అది సోడియం, కొంచెమున్నా మిగతా రంగులను మింగేస్తుంది. నీలి అద్దంలోంచి చూస్తే ఆ పసుపు పోయి, పొటాషియం ఉంటే ఊదారంగు కనబడాలి. కనబడలేదు. ఓబులేసు నా మొహమే చూస్తున్నాడు. పొడిని ఇంకా మెత్తగా నూరాను. తీగకు మళ్ళీ అంటించి మంటలో పెట్టాను.

అద్దంలో ఎర్రటి ఊదారంగు సన్నగా మెరిసింది.

"ఉండాది!" అని అరిచాను.

ఓబులేసు రాయిముక్క తీసి కళ్ళకద్దుకున్నాడు. నారాయణమ్మ మాత్రం అద్దం తీసుకుని తనూ చూసి, "ఈ రాయి యాపక్కకు పోతాందన్నా?" అని అడిగింది.

"తూర్పుకమ్మా, పక్కవాటుగా."

"అట్లయితే మీరు ఆపక్కకే తవ్వుకుంటా పోతారు. నీళ్ళు కిందుంటాయి గదన్నా?"

"నువ్వూరుకోమే. రాయి పేల్చే మందుగుండు వాళ్ళది, వాళ్ళిష్టం," అన్నాడు ఓబులేసు.

ఆమె వినలేదు. "ముందు మనిషిలోతు అడుగున పగలగొట్టియ్యండన్నా. ఆనక మీ ఇష్టం."

మాటివ్వడానికి నాకు ఏ అధికారమూ లేదు. "చేయిస్తాలేమ్మా," అనేశాను.

రాయి దొరికిన సంతోషం అనంతపురం దాకా కూడా నిలవలేదు. సత్రంలో పడుకున్నా నిద్ర పట్టలేదు. మా మేనేజరు ఒక్క సుత్తిదెబ్బ కూడా ఊరికే పోనివ్వరు. పొద్దున రైలు కిటికీలోంచి చూస్తే మిట్ట వెనక మిట్ట, అన్నీ రాళ్ళే. మేం వెతుక్కుంటూ వచ్చేదేమో ఆ రాళ్ళను. అక్కడివాళ్ళు వెతుక్కునేది వాటి కిందున్న తడిని.

హిందూపురం ప్లాట్‌ఫారం మీదికి మేనేజరే ఎదురొచ్చారు.

"రాయి మంచిదేనా?"

"మంచిదే సార్. అయితే పక్కకు పోకుండా, ముందు కిందికి తవ్వాల."

"ఎందుకని?"

"కింద ఇంకా మంచిది ఉండాది సార్," అన్నాను.